ఐదు స్టార్లు బండికి, మరి బెల్టు ఎవరికి?

ఒకప్పుడు కారు కొనేవాడికి ఒకటే ప్రశ్న: మైలేజ్ ఎంతిస్తుంది? ఇప్పుడు రెండోది చేరింది: సేఫ్టీకి ఎన్ని స్టార్లు? చేరడం మంచిదే. నా గొడవంతా ఆ స్టార్లు పట్టుకుని ఊరేగేవాళ్లతోనే. టాటా వాళ్లదొక గుంపు, మారుతి వాళ్లదొక గుంపు. హైవే మీద ఏ బండి నుజ్జయినా ఫొటో రావడమే ఆలస్యం, "చూశారా రేకు ఎలా ఉందో" అని వీళ్లు, "నడిపినోడిది తప్పు" అని వాళ్లు. లోపలున్నవాళ్లు బతికారా, బెల్టు పెట్టుకున్నారా అని అడిగినవాడు నాకు కనబడలేదు.

ఈ రేకు పిచ్చి గురించి ముందు మాట్లాడుకుందాం. డోరు వేస్తే దబ్బుమని చప్పుడు రావాలి, బానెట్ మీద వేలితో నొక్కితే లోపలికి పోకూడదు. షోరూమ్‌లో మనవాళ్లు చేసే క్రాష్ టెస్ట్ ఇదే! 2014 జనవరిలో, కార్లని గుద్ది చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్ల ఫలితాలు బయటపెట్టింది. అందులో పోలో ఉంది. గట్టి బండి అంటే పోలో అని ప్రమాణం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి పెద్దల భద్రతలో వచ్చింది సున్నా. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు స్టార్లు. బాడీ అదే, రేకు అదే. గుద్దుకున్నప్పుడు బాడీ నిలబడింది కూడా, కానీ లోపలున్న మనిషి తలని, ఛాతీని కాచేది లేదు. ముందు భాగం నలగడం కూడా లోపమేం కాదు, ఆ దెబ్బ మన దాకా రాకుండా నలగడానికే దాన్ని అలా కడతారు.

సరే, టాటా నెక్సాన్ 2018లో ఐదు స్టార్లు తెచ్చింది. 2023 అక్టోబర్ నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. 2024లో డిజైర్ కూడా ఐదు తెచ్చుకునేసరికి మారుతిని తిట్టేవాళ్లకి మాట పడిపోయింది. కంపెనీలు ఇంత దూరం వచ్చాయంటే కొనేవాళ్లు అడగబట్టే, ఒప్పుకుంటాను. కానీ ఆ స్టార్లు ఎలా ఇస్తారో ఎంతమందికి తెలుసు? గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని తీసుకెళ్లి అడ్డుగోడకి కొడతారు. ఆ వేగమంటే లెక్క ప్రకారం 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఐదో అంతస్తు నుంచి కింద పడ్డంత. ముందు సీట్లలో పెద్దల బొమ్మలు, వెనక పిల్లల బొమ్మలు. పెద్ద బొమ్మలకి బెల్టులు, చిన్న బొమ్మలకి చైల్డ్ సీట్లు. బెల్టు లేని మనిషికి ఏమవుతుందో ఆ టెస్ట్ కొలవనే కొలవదు. కాబట్టి వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న మీ నాన్నగారికి ఆ ఐదు స్టార్లలో ఒక్కటీ రాదు.

"వెనక కూర్చున్నవాళ్లకెందుకండీ" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది చిన్నా చితకా బండిలో కాదు, ఖరీదైన లగ్జరీ ఎస్‌యూవీలో. ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు, బెల్టు లేకుండా వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. తర్వాత నాలుగు రోజులు అందరూ వెనక బెల్టుల గురించే మాట్లాడారు. ఆ తర్వాత షరా మామూలే. పైగా వెనకున్నవాడికి బెల్టు లేకపోతే నష్టం వాడితో ఆగదు. వాడి బరువంతా వచ్చి ముందు సీటును గుద్దుతుంది, ముందున్నవాడు బెల్టు పెట్టుకున్నా సరే.

ఇంకో జాతి ఉంది. బెల్టు పెట్టుకోమని బండి కుయ్‌కుయ్‌మంటుంటే, దాని నోరు నొక్కడానికి బకిల్‌లో గుచ్చే క్లిప్ కొంటారు. దాని మీద మళ్లీ కంపెనీ లోగో! 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఆర్డర్ వేస్తే ఆన్‌లైన్ అంగళ్ల నుంచి 13,118 లిస్టింగులు తీసేయాల్సి వచ్చింది. పన్నెండు లక్షలు పోసి సేఫ్టీ కొని, దాన్ని ఆపడానికి మళ్లీ డబ్బులు పెట్టి క్లిప్ కొనేవాణ్ని ఏమనాలి? బెల్టు లేకుంటే ఎయిర్‌బ్యాగ్ పూర్తిగా విచ్చుకునే లోపే మనిషి ముందుకొచ్చేస్తాడు. అప్పుడు అదే ఎదురు తంతుంది.

డెలివరీ రోజు సాయంత్రం బండి నేరుగా వెళ్లేది యాక్సెసరీస్ షాపుకే. సీటు పక్క నుంచి విచ్చుకోవాల్సిన సైడ్ ఎయిర్‌బ్యాగ్ మీద మందపాటి రెక్సిన్ కవరు కుట్టించేస్తారు. వెనక బకిల్స్ ఆ కవరు కిందకి వెళ్లిపోతాయి, ఇక బండి అమ్మేదాకా బయటికి రావు. ముందు బుల్ బార్. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది, అయినా బిగించేవాడు బిగిస్తూనే ఉన్నాడు. నలగాల్సిన భాగానికి ఇనుప కమ్మీ బిగిస్తే దెబ్బ నేరుగా ఛాసిస్‌లోకి పోతుంది. ఎదురుగా నడిచొచ్చేవాడి కాళ్ల సంగతి సరేసరి.

అన్నిటికంటే నాకు కడుపు మండేది పిల్లల విషయంలో. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు పంతంగి టోల్ దగ్గర క్యూలో నిలబడి పక్క కార్లలోకి ఒకసారి చూడండి. ముందు సీట్లో అమ్మ, ఒళ్లో బిడ్డ, బిడ్డ మొహానికి జానెడు దూరంలో ఎయిర్‌బ్యాగ్. "నేను గట్టిగా పట్టుకుంటాలే" అంటారు. గుద్దుకున్న క్షణంలో పది కిలోల బిడ్డ బరువు రెండు మూడు వందల కిలోలంత అవుతుంది, ఏ చేతులూ ఆపలేవు. వెనక కారులో ఇద్దరు పిల్లలు సన్‌రూఫ్‌లోంచి నడుం దాకా బయటికొచ్చి నిలబడి ఉంటారు, వాళ్ల నాన్న కింద నుంచి వీడియో తీస్తుంటాడు. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కోసం లక్ష ఎక్కువ పెట్టిన మనిషే, చైల్డ్ సీటు మాటెత్తితే "రెండేళ్లలో పనికిరాదు కదా బ్రదర్" అంటాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టో చైల్డ్ సీటో లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా చట్టంలో ఉంది. ఎవరికైనా ఆ చలానా పడ్డట్టు మీరు విన్నారా? నేనైతే వినలేదు. హెల్మెట్ లేనివాడి ఫొటో మాత్రం టక్కున పడుతుంది.

ఇక స్పీడ్. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద లిమిట్ వందగా ఉండేది, 2023లో 120 చేశారు. 120లో ఉన్న బండి శక్తి 64లో ఉన్నదానికి మూడున్నర రెట్లు. స్టార్లిచ్చే ఆ ఎదురుదెబ్బ టెస్ట్ 64 దగ్గరదే. "మనది ఫైవ్ స్టార్ బ్రో" అంటూ 140 లాగేవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

కామెంట్లలో ఎలాగూ వస్తారు కాబట్టి ముందే చెబుతున్నా: నేను ఏ కంపెనీ ఏజెంటునీ కాదు, ఏ కారు కొనాలని నన్ను అడగొద్దు. మీ బడ్జెట్, మీ ఇష్టం. సన్‌రూఫ్ వేరియంట్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా అదుపులో ఉంచే ఈఎస్‌సీ ఏ వేరియంట్ నుంచి వస్తున్నాయో బ్రోచర్‌లో వెతకండి. ఇప్పటికే బండి ఉన్నవాళ్లు రేపు పొద్దున వెనక సీటు కవరు ఎత్తి బకిల్స్ బయటికి లాగండి. కవరు చింపాల్సి వస్తే చింపేయండి, మళ్లీ కుట్టించుకోవచ్చు.