రుధిరోద్గారి గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ రుధిరోద్గారి నామ సంవత్సరం గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. పేరులోనే రక్తం కక్కుకునేవాళ్లను క్షేమమా అని అడిగితే ఎకసెక్కంలా ఉంటుంది.

మీ ఇంగ్లిష్ పేరు 1323. శాలివాహన శకం లెక్కలో 1245. పోటీ పరీక్షల లెక్కలో మీరు ఒక బిట్. "కాకతీయ సామ్రాజ్యం పతనమైన సంవత్సరం?" ఏ 1303, బీ 1310, సీ 1323, డీ 1336. రేకుల షెడ్డులో ఎనభై మందిమి, మూడు ఫ్యాన్లు. కోచింగ్ సారు మిమ్మల్ని పాట కట్టి నేర్పారు: "పదమూడు ఇరవైమూడు, ఓరుగల్లు ఓడింది చూడు." పరీక్షలో నిజంగానే మీరు వచ్చారు. సీ బబుల్‌ని గీత దాటకుండా, కాటుక దిద్దినంత శ్రద్ధగా నింపాను. మార్కు పడింది. ఉద్యోగం పడలేదు. అది మీ తప్పని నేననను. కానీ ఆ రోజు నుంచి మీ మీద ఓ కన్నేసి ఉంచాను.

పన్నెండు నెలలు బతికిన మనిషి ఒక్క మార్కుకు లొంగిపోతారా సార్? ఇదీ నా ఫిర్యాదు. మిగతాదంతా మీ సర్వీసు రికార్డు తిరగేస్తే దొరికిన సంగతులు.

ముందు పేరు సంగతి. మీ అరవై మంది అన్నదమ్ముల్లో ఎవరి పేరు ఎప్పుడొస్తుందో వంతుల ప్రకారం జరిగే పని. మీకు ముందు దుందుభి, మీ తర్వాత రక్తాక్షి, ఆ తర్వాత క్రోధన, చివరికి క్షయ. డప్పు, నెత్తురు కక్కడం, ఎర్ర కళ్లు, కోపం, నాశనం. వరుసగా చదివితే తాగొచ్చిన ఇంటాయన రాత్రిలా ఉంటుంది. అందులో ఆఖరివాడికి మాత్రం మనవాళ్లు ముందు ఒక 'అ' తగిలించి అక్షయ అని పిలుచుకుంటారు. మీకు ఆ సాయం కూడా ఎవరూ చేయలేదు. ఇదంతా నాకెందుకు పట్టిందంటారా? నేను 1983 ఆగస్టులో పుట్టాను. అరవై ఏళ్లకోసారి తిరిగే మీ చక్రం అప్పటికి పదకొండోసారి మీ దగ్గరికే వచ్చింది. పసుపు రాసిన నా జాతక పత్రికలో మొదటి లైనులోనే మీరున్నారు. పెళ్లిచూపుల్లో అమ్మాయి వాళ్ల తాతగారు ఆ లైను చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. "అదే ఏడు లార్డ్స్‌లో కపిల్ దేవ్ కప్పు ఎత్తాడండీ" అని మా నాన్న అందుకున్నారు. సంబంధం కుదిరింది. మీ పేరు మీద జరిగిన శుభకార్యాల్లో ఇదొకటి, రాసిపెట్టుకోండి.

ఇక ఓరుగల్లు. దిల్లీ సైన్యం తెలుగు నేల మీదికి రావడం మీతో మొదలు కాదు. 1303లో వచ్చి దెబ్బతిని వెళ్లింది. 1310లో మాలిక్ కాఫర్ వచ్చి ఏనుగులు, గుర్రాలు, ఖజానా కప్పంగా పట్టుకెళ్లాడు. మీకంటే కాస్త ముందు ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి కోటను చుట్టుముట్టాడు. బయట మట్టి గోడ, లోపల రాతి గోడ. నెలలు గడిచాయి. అంతలో దిల్లీ నుంచి టపా ఆగిపోయింది. ఉత్తరాలు రాకపోయేసరికి సైన్యానికి టెన్షన్ పట్టుకుంది. సుల్తాను చచ్చిపోయాడట అని ఒక పుకారు లేచింది. లేపింది ఎవరో కాదు, ఉబైద్ అనే కవి. మా కాలంలో ఈ పనికి ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్న ఒకాయన ఉంటారు. అప్పట్లో కవులే చూసుకునేవారు. సర్దార్లు ఎవరికి వారు దండు ఎత్తేశారు. కోటలోవాళ్లు బయటికొచ్చి, పారిపోయేవాళ్ల వెంటపడ్డారు. ఉలుగ్ ఖాన్ దేవగిరి దాకా వెనక్కి పోయాడు.

ఇక్కడ ప్రతాపరుద్రుడు చేశాడని చెప్పే పని ఒకటుంది. పీడ విరగడైందని సంబరాలు చేయించి, ముట్టడి కోసం దాచిన ధాన్యపు కొట్లు తెరిపించేశాడట. ఈ ఒక్క ముక్క చదివినప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తొస్తాడు. అప్పు సగం తీరిందని తెలిసిన రోజు సాయంత్రం ఊరంతటికీ మటన్ పెట్టి, అప్పు మళ్లీ మొదటికి తెచ్చుకున్నాడు. కొన్ని నెలల్లోనే దిల్లీ నుంచి కొత్త సైన్యం దిగింది. ఉలుగ్ ఖాన్ ఈసారి దారిలో బీదరునూ బోధనునూ పట్టుకుని, టపా దారి చక్కబెట్టుకుని మరీ వచ్చాడు. అప్పటికి కుర్చీలో మీరు కూర్చున్నారు. ఖాళీ కొట్లతో కోట మళ్లీ నెలల తరబడి నిలిచింది. తర్వాత నిలవలేదు.

ప్రతాపరుద్రుణ్ని దిల్లీకి బయల్దేరదీశారు. దిల్లీ చేరలేదు. నర్మద ఒడ్డున పోయాడని తర్వాత కొన్నేళ్లకే వేసిన విలస తామ్రశాసనం చెబుతుంది. ఆయన ఆస్థానంలో విద్యానాథుడని ఒక పండితుడు ఉండేవాడు. అలంకార శాస్త్రం రాస్తూ నాయకుడి లక్షణం నుంచి ఉపమ దాకా దేనికి ఉదాహరణ కావాలన్నా ప్రతాపరుద్రుణ్నే చూపించాడు. చాలదన్నట్టు ఆయన్నే హీరోగా పెట్టి మధ్యలో ఒక నాటకం కూడా రాశాడు. ఒక్క ధాన్యపు లెక్కకు మాత్రం శాస్త్రంలో అలంకారం దొరకలేదు.

ఓడించిన రాకుమారుడి సంగతి మీకు తెలిసే అవకాశం లేదు, మీరు వెళ్లిపోయాక జరిగింది కాబట్టి చెబుతున్నా. 1325లో అతనే మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ఇవాళ మా ఆఫీసుల్లో పొద్దున ఒక ఆర్డరు, సాయంత్రం దానికి రద్దు ఆర్డరు వస్తే "తుగ్లక్ పని" అంటాం. ఏడు వందల ఏళ్లయినా తెలుగువాళ్లు అతని మీద కసి తీర్చుకుంటూనే ఉన్నారు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి వెళ్లాడు. హనుమకొండ బస్టాండులో ఎంతసేపు నిలబడినా ఆ బోర్డున్న బస్సు రాదు.

ఇంకో ఆయన కూడా మీ ఖాతాలోనే దిల్లీ బండెక్కాడు. కాకతీయుల కొలువులో మనిషి, గన్నమ నాయకుడంటారు. అక్కడ మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. తుగ్లక్ తర్వాత వచ్చిన ఫిరోజ్ షా హయాంలో ఏకంగా వజీరు. బిరుదు ఖాన్-ఇ-జహాన్, పేరు వెనక తిలంగానీ అని ఊరు పేరు తగిలే ఉంది. చదవడం రాయడం రాకపోయినా రాజ్యమంతా ఆయనే నడిపాడని ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఏవీ లేకుండా. కోచింగ్ సారుకు ఈ సంగతి నేను చెప్పలేదు, ఆయన ఫీజులు పడిపోతాయి.

మీరు ఇక్కడ ఈ పనిలో ఉండగా వెనీసులో ఒక ముసలాయన మంచం పట్టాడు. మార్కో పోలో. కాకతీయుల రేవు మోటుపల్లిని ముత్ఫిలి అని రాసింది ఈయనే. వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలు అంటిన ముక్కల్ని పైకి తెస్తాయన్న కథ రాసిందీ ఈయనే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నమన్నదీ ఈయనే. న్యాయంగా ఏలే ఒక రాణి ఉందని పొగిడి, పోయిన రాజుకు ఆమె భార్య అని రాసేశాడు. ఆ రాణి రుద్రమదేవే అయితే, గణపతిదేవుడికి ఆమె కూతురు స్వామీ! అంత దూరం నుంచి వచ్చిన వాడు వరస అడిగి తెలుసుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదా?

పోనీలెండి, పోయినవాళ్లతో తగువెందుకు. ఆయన వీలునామా ఇప్పటికీ ఉంది. జనవరి 9న రాయించాడు. అందులో ఏడాది 1323 అనే ఉంటుంది. మేము దాన్ని 1324 అంటాం, ఎందుకంటే వెనీసువాళ్లకు కొత్త సంవత్సరం మార్చి ఒకటిన. అంటే ఇంచుమించు మన ఉగాదికే! ప్రపంచంలో ఇంతమంది ఉండగా మీ ఎల్లలు సరిగ్గా గౌరవించింది వెనీసువాళ్లు. ఆ వీలునామాలో భార్య దొనాతా, ముగ్గురు కూతుళ్లు ఆస్తి చూసుకోవాలని రాయించాడు. పేతురు అనే తాతారు బానిసకు విడుదల రాశాడు. కాకతీయ రాజ్యం గురించి యూరప్‌కి చెప్పిన మనిషీ, ఆ రాజ్యమూ ఒకే పంచాంగంలో సరి. ఈ బిట్ ఏ కోచింగులోనూ చెప్పలేదు.

మిగతా చోట్ల మీ హాజరు గురించి గబగబా చదివేస్తాను. స్వీడనూ రష్యాలోని నొవ్‌గొరోదూ ఆగస్టు 12న లదోగా సరస్సు మూతి దగ్గరి దీవిలో కూర్చుని శాశ్వత శాంతి ఒప్పందం రాసుకున్నాయి. శాశ్వతం పాతికేళ్లు: 1348లో స్వీడన్ రాజు ఆ దీవి కోటనే పట్టుకున్నాడు. జూలైలో పోపు థామస్ అక్వినాస్‌ను పునీతుడిగా ప్రకటించాడు; ఆయన పోయి అప్పటికి 49 ఏళ్లు, కాబట్టి ఫైళ్లు నెమ్మదిగా కదలడం మా సచివాలయాలకే పుట్టిన జబ్బు కాదు. స్పెయిన్ వైపు ఆరగాన్ రాజ్యపు రాకుమారుడు సార్డీనియా దీవి మీద దిగి, అక్కడి శత్రువులకంటే ఎక్కువగా మలేరియాతో పోరాడాడు.

విల్నియస్ నగరం పేరు మొదటిసారి రాతలో కనిపించింది కూడా 1323లోనే. గెదిమినాస్ అనే లిథువేనియా పాలకుడు జర్మన్ పట్నాలకు ఉత్తరాలు రాశాడు: వర్తకులు, వైద్యులు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్లు రండి, పన్నులు ఉండవు, రక్షణ నాది అని. నిజానికి ఆ ఉత్తరం తేదీ జనవరి 25. అప్పటికి మీకు ఉగాది రాలేదు, సీట్లో దుందుభి గారున్నారు, ఆ క్రెడిట్ ఆయనది. ఇది చదివి నాకు నోరు చేదైంది. అంతకు దాదాపు ఎనభై ఏళ్ల ముందే మన గణపతిదేవుడు మోటుపల్లిలో ఇదే మాట రాతి మీద చెక్కించాడు. ఓడ మునిగి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు ఊడ్చుకుపోయే రోజుల్లో, నేను అలా చేయను, సుంకం ముప్ఫైకి ఒకటే తీసుకుంటాను అని సముద్రం మీద వర్తకులకు అభయం ఇచ్చాడు. విల్నియస్ 2023లో ఏడు వందల ఏళ్ల పండుగ చేసుకుంది. మోటుపల్లి రాయి దగ్గర ఆ రోజు మేకలున్నాయో లేదో, కనుక్కోవాలి.

తులూజ్ సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. ఫ్రాన్స్ దక్షిణాన ఒకప్పుడు పాటగాళ్లకు స్వర్ణయుగం. యుద్ధాలు వచ్చాయి, పోషించిన ప్రభువులు పోయారు, 1271లో ఆ సీమంతా ఫ్రెంచి రాజు చేతికి వెళ్లింది. వాళ్ల భాషలో పద్యం చెబితే వినే దర్బారు లేదు. మీ నవంబరులో ఏడుగురు కవులు ఒక తోటలో కూడి, రాజులు లేకపోతే మనమే ఇద్దాం బహుమతి అనుకున్నారు. ఊరూరికీ ఉత్తరం పంపారు, అదీ పద్యంలోనే. మే నెలలో పోటీ, గెలిచినవాడికి బంగారంతో చేసిన వయొలెట్ పువ్వు. పేర్లు మారినా ఆ సభ ఇప్పటికీ నడుస్తోంది. మనవైపు మీ రోజుల్లో దర్బారు కూలింది. వాళ్లవైపు కూలిన దర్బారు బూడిదలోంచి ఏడుగురు లేచి చందాలు వేసుకున్నారు. సభలో శాలువాలు ఎవరు కప్పారన్నది రికార్డుల్లో లేదు, మనవాళ్లయితే ముందు అదే రాసేవాళ్లు.

చివరగా ఒక ఓడ. చైనా నుంచి జపానుకు బయల్దేరింది. పింగాణీ ఇరవై వేలకు పైగా, రాగి నాణేలు 28 టన్నులు. కొరియా తీరంలో సినాన్ దగ్గర మునిగింది. 1975లో ఒక జాలరి వలలో చేపలకు బదులు కూజాలు పడ్డాయి, మరుసటి ఏడు తవ్వకాలు మొదలయ్యాయి. సరుకు మూటలకు కట్టిన చెక్క చీటీలు బురదలో చెడకుండా ఉన్నాయి. ఎవరి సరుకో, ఏ నెల ఏ తేదీన ఎక్కించారో సిరాతో రాసి ఉంది. ఏడాది: చైనా చక్రవర్తి లెక్కలో జిజి శకం, మూడో సంవత్సరం. అంటే మీరే. ఆ శకం ఏ చక్రవర్తిదో ఆ కుర్రాణ్ని ఇరవై దాటీ దాటకుండానే, మీ సెప్టెంబరు 4 రాత్రి, సొంత మనుషులే గుడారంలో చంపేశారు. రాజు పోయాడు, ఓడ పోయింది, చీటీ మిగిలింది.

కాబట్టి తమరికి నా విన్నపం ఇంతే. మీరు మళ్లీ 2043 ఉగాదికి డ్యూటీలో చేరతారు. అప్పటికి నాకు షష్టిపూర్తి. పీటల మీద కూర్చోబెట్టి అయ్యవారు సంకల్పంలో మీ పేరే చదువుతారు, చుట్టాలు మళ్లీ కళ్లజోళ్లు తుడుచుకుంటారు. వచ్చేటప్పుడు అలాంటి చెక్క చీటీ ఒకటి మెడలో కట్టుకుని రండి. ఇంగువా, ఇనుమా, కవిత్వమా, కొట్లాటా, లోపలేముందో పైన రాయించండి. ధాన్యం ఉంటే అది వేరే మూట కట్టండి, నేను మా మేనమామకు కనపడకుండా దాస్తాను.

ఇట్లు,
తమ పేరింటి విధేయుడు,
ఆప్షన్ సీ

తా.క.: మొన్న మా అబ్బాయి క్విజ్ పుస్తకంలో మిమ్మల్ని చూశాను. ఇప్పుడు మీరు ఆప్షన్ బీ.