ఫణిగిరి కుండలో ఉన్నది బంగారం కాదు

"ఫణిగిరి గుట్ట మీద ఉన్నది బౌద్ధుల విహారం కాదు, రాజుల కోట. కుండ నిండా బంగారు నాణేలు దొరికాయి. ఇంకా ఎన్ని లంకెబిందెలున్నాయో!" సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గురించి సూర్యాపేట, నల్గొండ వైపు గ్రూపుల్లో ఈ మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. చదివిన ప్రతిసారీ బాధేస్తోంది.

ముందు బంగారం ముచ్చట. 2024 మార్చిలో దొరికిన కుండలో 3,730 నాణేలున్నాయి. అన్నీ సీసానివే. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, అంటే మొత్తం కలిపి తూచినా ఎనిమిదిన్నర కిలోల సీసం. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తు లాంటిది. శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో చేతులు మారిన చిల్లర అది.

కోట మాట అసలే నిలవదు. తవ్వకాల్లో బయటపడ్డవి స్తూపం, చైత్యగృహాలు (పూజా మందిరాలు), స్తంభాల మండపం, భిక్షువుల గదులు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడు ఇక్కడ బుద్ధుడి బోధకు గుర్తైన ధర్మచక్రం నిలబెట్టించాడని ఇక్కడి స్తంభం మీదే చెక్కి ఉంది. కోటలో ధర్మచక్రంతో ఏం పని?

ఎక్కువమంది నమ్మేది మాత్రం ఇంకో మాట: "సన్యాసులకు డబ్బెందుకు? అందుకే అది విహారం కాదు." విహారమంటే కళ్లు మూసుకుని కూర్చునే చోటు మాత్రమే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కిది. మొదట్లో భిక్షువులు వానాకాలం తలదాచుకోవడానికే ఒకచోట ఆగేవాళ్లు. తర్వాత అక్కడే శాశ్వతంగా గదులు లేచాయి, సభలు జరిగాయి, పూజలు మొదలయ్యాయి, దాతలు వచ్చారు. అంత చక్కని తోరణాలు చెక్కించిన చోట లెక్కాడొక్కా ఉండదా? నాగార్జునకొండలో ఒక విహారపు గదిలో సీసం నాణేలతో పాటు నాణేలు చేసే మట్టి అచ్చు కూడా దొరికింది. డబ్బు కనబడితే విహారం కాకుండా పోదు. ఆ విహారం ఎలా నడిచేదో అక్కడే తెలుస్తుంది.

భిక్షువులు వెళ్లిపోయాక గుట్ట మట్టి కింద పడి ఉంది. నిజాం కాలంలో, 1940ల్లో ఒకసారి తవ్వారు, 2001 తర్వాత మళ్లీ తవ్వారు. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కొలువుదీరాయి.

నా టెన్షన్ అంతా ఆ లంకెబిందెల మాట గురించే. అది చదివి ఎవరో ఒకరు రాత్రిపూట గడ్డపార పట్టుకుని గుట్టెక్కుతారు. ఈ కుండ కదలకుండా ఉన్నచోటే ఉంది కాబట్టే దాని కాలం, దాని సంగతి చెప్పగలిగారు. అలాంటివాళ్ల చేతికి ముందే చిక్కి ఉంటే, ఆ 3,730 నాణేలు పాత సామాన్ల దుకాణంలో సీసం లెక్కన తూకానికి పోయేవి.