బాసినెట్ గారికి, డల్లాస్ విమానం ముందు వరస నుంచి

గౌరవనీయులైన బాసినెట్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఈసారి కుశలమంతా మీ వైపే కనిపిస్తోంది. విమానంలో పసిపిల్లలను పడుకోబెట్టే తొట్టి కదా మీరు, శంషాబాద్ నుంచి గల్ఫ్ దాకా ఉన్న నాలుగు గంటలూ ఎదుటి గోడకు ఠీవిగా వేలాడారు. అక్కడ విమానం మారాక, డల్లాస్ దాకా పదహారు గంటల దారి మిగిలి ఉండగా, "పాప కాళ్ళు బయటికొస్తున్నాయండీ, ఇందులో పడుకోబెట్టకూడదు" అని ఎయిర్‌హోస్టెస్ చేత అనిపించి తప్పుకున్నారు. పాప అదే, కాళ్ళూ అవే. నాలుగు గంటల్లో కాళ్ళు సాగే జబ్బుందని ఏ పిల్లల డాక్టరూ చెప్పగా వినలేదు.

ఇలాంటప్పుడు నేరమంతా అమ్మమ్మ మీదికి పోతుంది. సెలవులకు వచ్చేటప్పుడు సరిపోయిన పిల్ల తిరిగి వెళ్ళేటప్పుడు ఎందుకు సరిపోలేదంటే, ఊళ్ళో ముద్దపప్పు, పేరునెయ్యి, గడ్డపెరుగు పెట్టి ఒళ్ళు చేయించారట. ఆ లెక్కా చూద్దాం. రెండో ఏట పిల్లలు ఏడాది మొత్తానికి రెండున్నర కిలోల బరువు, 12 సెంటీమీటర్ల పొడవు అటూ ఇటుగా పెరుగుతారు. ఆరు వారాల సెలవుల వాటాకు వచ్చేది పావుకిలో పైచిలుకు, సెంటీమీటరున్నర. అమ్మమ్మ గోరుముద్దలు పట్టుకుని వీధంతా తిరిగినా ఆ లెక్క పెద్దగా మారదు. అంటే వచ్చేటప్పుడే మీరు అంచున ఉన్నారు. ఎవరూ కొలవలేదు, అంతే.

మేం కొలిచాం. చాలా విమానాల్లో మీ లోపలి పొడవు 70, 75 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఏడాది నిండిన ఆడపిల్ల మధ్యస్థ పొడవు 74 సెంటీమీటర్లు, మగపిల్లాడిది 75.7. ఏడాదిన్నరకు 80.7, 82.3. మొదటి పుట్టినరోజు కేకు కోసేనాటికే సగం మంది పిల్లలు మీలో మోకాళ్ళు ముడుచుకోవాలి. ఏడాదిన్నర పిల్లాడిని మీలో పడుకోబెట్టడమంటే కూరల సంచిలో పొడుగు సొరకాయ పెట్టడమే, ఏదో ఒక కొస బయటికి రాక తప్పదు. బరువు సంగతి ఇంకా వేడుక. ఒకచోట 10 కిలోలు, ఒకచోట 11, మరోచోట 14. ఏడాదిన్నర మగపిల్లాడి మధ్యస్థ బరువు 10.9. అంటే ఆ ఉదయం రెండిడ్లీలు ఎక్కువ తిన్నాడా లేదా అన్నదాని మీద అమెరికా ప్రయాణం ఆధారపడి ఉంది. టికెట్ అమ్మేటప్పుడు మాత్రం "రెండేళ్ళలోపు పిల్లలకు బాసినెట్ సౌకర్యం" అని ఒక్క ముక్క.

మీ దర్శనం కోసం చేసే తతంగం అందరికీ తెలిసిందే. టికెట్ కొన్నాక ఫోన్ చెయ్యాలి. పీఎన్‌ఆర్‌లో, బాసినెట్ కావాలని తెలిపే బీఎస్‌సీటీ అన్న కోడ్ ఎక్కించమనాలి. రెండు విమానాలకూ విడివిడిగా ఎక్కిందో లేదో చదివించుకోవాలి, ఎందుకంటే నాలుగు గంటల దానికి ఎక్కించి పదహారు గంటల దానికి మర్చిపోవడం మామూలే. తర్వాత సంస్థవారు విమానం రకం మార్చారంటే సీట్ల నంబర్లన్నీ తారుమారై ఆ కోడ్ గాలికి పోతుంది. ఆ సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అందుకే రెండు రోజుల ముందు మళ్ళీ ఫోన్, బయల్దేరే రాత్రి కౌంటర్ తెరిచేసరికి లైన్లో ఉండటం. ఇంత చేస్తే వచ్చే జవాబు: "రిక్వెస్ట్ అయితే ఉందండీ, గ్యారంటీ లేదు."

సరే, అన్నీ కలిసొచ్చి మీరు దక్కారనే అనుకుందాం. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

విమానం పైకెక్కి బెల్టు లైటు ఆరాక మిమ్మల్ని తెస్తారు. గోడకున్న కొక్కేలకు తగిలిస్తారు. అప్పటికే పిల్ల భుజం మీద ముప్పావుగంటగా ఏడుస్తూ ఉంటుంది. వీపు మీద తడుతూ, వంటగది తెర దగ్గరికీ ఎమర్జెన్సీ తలుపు దగ్గరికీ మధ్య తిరగ్గా తిరగ్గా, చివరికి పిడికిలి వదులవుతుంది, నోరు కొంచెం తెరుచుకుంటుంది. వెంటనే దించకూడదు. చెయ్యెత్తి వదిలితే వాలిపోయేదాకా ఇంకో పది నిమిషాలు ఆగాలి. తర్వాత ముందు పిర్రలు, ఆపైన వీపు, అన్నిటికంటే చివర తల. తల కింద ఉన్న అరచేతిని వేలు తర్వాత వేలుగా లాగాలి. పైన కప్పే గుడ్డకు వెల్క్రో ఉంటే దాన్ని అంటించాలి గానీ మళ్ళీ ఊడదీయకూడదు, ఆ చప్పుడు చాలు. అంతా అయ్యాక సీట్లో నడుం వాల్చబోతారు.

టింగ్.

బెల్టు లైటు. వెనకాలే రెండు భాషల్లో, పూర్తి గొంతుతో, దయచేసి కూర్చోండని ప్రకటన. ఆ వెనకాల టార్చిలైటు పట్టుకుని అమ్మాయి: "పాపను బయటికి తీసి ఒళ్ళో పెట్టుకోండి." తీయాలి. మన బెల్టుకు పిల్లల బెల్టు దూర్చి, పిల్ల నడుముకు బిగించాలి. అప్పటికి పిల్ల పూర్తిగా లేచి, ఎవరి మీద కోపమో తెలియక అందరి మీదా అరుస్తుంది. విమానం మూడు నిమిషాలు ఊగుతుంది. లైటు అరగంట వెలుగుతుంది. ఆరాక మళ్ళీ భుజం, మళ్ళీ తెర దగ్గర నుంచి తలుపు దాకా.

ఇందులో మరీ మండేది ఏమిటంటే, ఆ నియమం సబబైనదే. ఆ కొక్కేలు నిన్ను గోడకు పట్టి ఉంచుతాయి, నీలో ఉన్న పిల్లను అంత గట్టిగా పట్టి ఉంచేదేమీ లేదు. విమానం ఒక్కసారిగా కిందికి జారితే పిల్ల పైకి లేస్తుంది. ఆ అమ్మాయిని తిట్టలేం, పైలట్‌ను తిట్టలేం. నిన్ను తిట్టగలం. ఇందాకటి మర్యాద ఇక మావల్ల కాదు. పదహారు గంటల్లో ఆ లైటు వెలగక తప్పదని తెలిసీ, "మీ చిన్నారి హాయిగా నిద్రపోతుంది" అని బొమ్మలో నీలో నవ్వుతున్న నాలుగు నెలల పిల్లను పడుకోబెట్టి అమ్ముతున్నారు చూడు, నువ్వేమో నోరు మూసుకుని ఫొటోకు నిలబడ్డావు చూడు, అది మోసం. నాలుగు నెలల పిల్ల ఎక్కడైనా నిద్రపోతుంది. పడక కావాల్సింది నడక నేర్చినవాడికి, వాడేమో నీలో పట్టడు.

నీ చుట్టాలూ తక్కువవాళ్ళేం కారు. ముందు వరస కుర్చీల చేతులు పైకి లేవవు, వాటి లోపల భోజనం బల్ల మడిచి ఉంటుంది. అందుచేత రెండు కుర్చీల మీద అడ్డంగా పడుకోబెట్టే దారి కూడా మూసుకుపోయింది. కాళ్ళ దగ్గర సంచి పెట్టుకోనివ్వరు. టేకాఫ్‌లో డైపర్ కావాలంటే అది తలపైన అరలో ఉంటుంది. ఉగ్గు పొడికి వేడినీళ్ళు ఇస్తారు గానీ, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 92 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి, కప్పులోకి వచ్చేసరికి ఇంకా చల్లారతాయి. పచ్చి బియ్యప్పిండి ఉగ్గు ఉడకదు. అటుకుల పొడి తీసుకెళ్తే అయిదు నిమిషాల్లో మెత్తబడుతుంది, ఇది అమ్మమ్మ చెప్పిన మాట, విమానం కంపెనీది కాదు. దిగే ముందు అరగంట చెవుల నొప్పి, అప్పుడు నోట్లో ఏదో ఒకటి చప్పరించేది ఉండాలి. దిగాక జెట్‌లాగ్: వేసవిలో డల్లాస్ పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. రాత్రి రెండింటికి "తాతయ్య ఏడీ?" అని ఇల్లంతా వెతుకుతారు. ఆ పాపం నీది కాదులే.

అయినా వచ్చే ఏడు కూడా నీకోసమే ఫోన్ చేస్తాం. నువ్వు వేలాడాలి కాబట్టి నీ కింద గోడకూ కుర్చీకీ మధ్య జానెడు ఎక్కువ జాగా వదిలారు. లైటు ఆరి ఉన్నంతసేపూ పిల్ల అక్కడ నిలబడి గోడకు స్టిక్కర్లు అంటించుకుంటుంది. నీలో మేం పడుకోబెట్టేది సంచి, నీళ్ళ సీసా, పాలడబ్బా, ఒక చెప్పు, కుందేలు బొమ్మ. అవి బ్రహ్మాండంగా నిద్రపోయాయి.

ఇట్లు,
11 కిలోల 200 గ్రాములు ఒళ్ళో పెట్టుకుని
ముందు వరస

తా.క.: సెలవుల మధ్యలో రెండో పుట్టినరోజు వచ్చే పిల్లలున్నవాళ్ళు ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి ముందు టికెట్ చూసుకోండి. వచ్చేటప్పుడు ఒడి టికెట్, అంటే సీటు లేకుండా పిల్లను ఒళ్ళో పెట్టుకునే టికెట్, పెద్దల ధరలో పదో వంతు చుట్టుపక్కల పడి ఉంటుంది, తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్ళు నిండితే సీటు కొనాల్సిందే. అది మొదటే కొనాలి. కౌంటర్ దగ్గర కొంటే ఆ రోజు ధర.