బీరువా మీద ఉన్న ఫొటోకి ముంబై పర్మిషనా?

ఎంవీపీ కాలనీ ఇంట్లో, బీరువా మీద వెలసిన కుబెర్నెటిస్ క్లస్టర్ గారికి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటిగా నడిపించే మూడు చిన్న కంప్యూటర్ల గుంపుకి,

మొన్న ఆదివారం తమరు నాకు చేసిన సత్కారానికి కృతజ్ఞతలు చెప్పుకుందామని ఈ ఉత్తరం. విజయనగరం నుంచి పిన్ని వచ్చింది. అక్క పెళ్లి ఫొటోలు చూస్తానంది. "ఇప్పుడే టీవీలో పెడతాను పిన్నీ, అన్నీ మనింట్లోనే ఉన్నాయి" అన్నాను. ఆ 'మనింట్లోనే' అన్న మాట కాస్త గర్వంగానే అన్నాను. అక్కడే తమరికి దొరికిపోయాను.

అంతకు గంట ముందు కరెంటు పోయి వచ్చింది. ముసలి యూపీఎస్ ఓసారి కుయ్యిమని ఊరుకుంది. యారాడ, భీమిలి అని నేను ముద్దుగా పేర్లు పెట్టుకున్న రెండు బుల్లి రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లు, రుషికొండ అనే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ పడి లేచాయి. అదే సమయానికి వీధి చివర ఎవరో గొయ్యి తవ్వుతూ ఫైబర్ తెంపేశారు. ఇందులో తమరి తప్పు లేదు, ఒప్పుకుంటాను.

కానీ తమరి ఇంటి పెద్ద, అదే, ఏది ఎక్కడ నడవాలో నిర్ణయించే ఆ కంట్రోల్ ప్లేన్, కాపురం ముంబైలో అద్దె సర్వర్‌లో. సగం ఇంట్లో, సగం బయట, హైబ్రిడ్ అని ముచ్చటపడి అలా పెట్టింది నేనే. నెట్ పోయినా నడుస్తున్న కంటెయినర్లు, అదే పెట్టెకట్టిన ప్రోగ్రాములు, నడుస్తూనే ఉంటాయి కదా అని ధీమా. మెషీన్ రీబూట్ అయితే మాత్రం ఏ పాడ్‌ని, అంటే ఏ కంటెయినర్ల కట్టని లేపాలో, ప్రతి మెషీన్‌లోనూ ఉండే మేస్త్రీ క్యూబ్‌లెట్ గారు ముంబైని అడిగి తెలుసుకోవాలి. ముంబై పలకదు. ఈయన లేపరు. లాగ్ నిండా అదే గోడు.

పిన్ని రెండోసారి కాఫీ తాగింది. "ఏట్రా, ఇంకా రాలేదేటి?"

తమరి మిగతా లీలలన్నీ భరించాను. ఇంటెల్ చిప్ కోసం కట్టిన ఇమేజ్, అదే ప్రోగ్రాం మూట, పొరపాటున వేరే రకం చిప్ ఉన్న భీమిలి మీద పడితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని మొహం తిప్పుకున్నారు, ఏది ఏ మెషీన్ మీద నడవాలో చెప్పే నోడ్ సెలెక్టర్ రాసుకున్నాను. యామిల్ అనే సెట్టింగుల ఫైల్లో ఒక్క స్పేస్ కోసం తెల్లారిపోయిన రాత్రులున్నాయి. మెషీన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సర్టిఫికెట్లకి ఏడాదే ఆయుష్షట, పోనీలే అనుకున్నాను.

ఇది మాత్రం పోనివ్వలేను. స్టూలెక్కి ఆ డిస్క్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, లోపల సన్నగా తిరుగుతోంది. ఉప్పుగాలికి దాని స్క్రూలు తుప్పుపట్టాయి గానీ ఫొటోలు భద్రంగా ఉన్నాయి. లాగిన్ అయి ఫోల్డర్ తెరిచాను. ఉన్నాయి! వేలకి వేలు. ఒక్కోదానికి 36 అక్షరాల పేరు. అందులో అక్క ఏది, అక్షింతలేవి? ఏది ఎవరిదో చెప్పాల్సిన డేటాబేస్ కూడా ఒక పాడ్‌లోనే ఉంది. అది కూడా ముంబై లేపితేనే లేస్తుంది.

ఇదేం న్యాయం? నా ఇల్లు, నా డిస్క్, నా అక్క పెళ్లి! చూడ్డానికి నాకు ఊరవతలి పర్మిషన్ కావాలా?

కుబెర్నెటిస్ అంటే గ్రీకులో చుక్కాని పట్టేవాడట. ఓడలూ కంటెయినర్లూ వైజాగ్ వాడికి నువ్వు నేర్పుతావా? డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి హార్బర్‌లోకి ఓడ రావాలంటే, పైలట్ పడవేసుకుని వెళ్లి ఆ ఓడెక్కుతాడు. ముంబైలో కూర్చుని చుక్కాని తిప్పడు. నీ కుబెర్నెటిస్‌ని లోకానికి చూపించింది 2014 జూన్‌లో. అదే ఏడాది అక్టోబరు 12న మాకు హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అది కనీసం మర్నాటికి వెళ్లిపోయింది.

చివరికి అమ్మ లోపలికెళ్లి, పోపులపెట్టె వెనకనుంచి పెన్ డ్రైవ్ తెచ్చింది. ఫొటోగ్రాఫర్ ఇచ్చిందట, ఎందుకైనా మంచిదని దాచిందట. టీవీకి పెట్టగానే అక్క పీటల మీద ప్రత్యక్షం. పిన్ని బీరువా వైపు చూసి, "మరి ఆ లైట్లు దేనికమ్మా?" అంది. అమ్మ నా వైపు చూసింది.

రాత్రి తొమ్మిదింటికి నెట్ వచ్చింది. యారాడ రెడీ. రుషికొండ రెడీ. కాసేపటికి భీమిలి కూడా. పిన్ని అప్పటికే బస్సెక్కేసింది. నేనొక్కడినే కూర్చుని ఒక్కో పాడ్ పచ్చబడుతుంటే చూశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, బావుంది.

కంట్రోల్ ప్లేన్‌ని ఇంటికే తెచ్చేస్తున్నాను. ఒకటి పడినా మిగిలిన రెండిటితో నడవాలంటే మొత్తం మూడుండాలి కాబట్టి, రుషికొండకి తోడు ఇంకో రెండు మినీ పీసీలు బేరమాడాను. శనివారం వస్తాయి. అమ్మ అడిగితే పాతవేనని చెబుదాం.

ఇట్లు,
తమరి నౌకరు