తంగేడు పూలకు మార్కెట్ ఉంది, ముందు ఆ షుగర్ మందు ప్రచారం ఆపండి

బతుకమ్మ రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, ఫోన్ల నిండా తంగేడు పూల టీ వీడియోలే. "నెల రోజులు తాగండి, షుగర్ మాయం" అంటూ మొదలుపెడతారు. చెలకల్లో, గుట్టల మీద, బంజరు భూముల్లో నీళ్లు పెట్టకుండానే విరగబూసే మొక్కకు, అదీ తెలంగాణ రాష్ట్ర పుష్పానికి, ఇంతకంటే పెద్ద ద్రోహం లేదని నా అభిప్రాయం. ఈ పూలతో నికార్సయిన వ్యాపారం సాధ్యమే. దాన్ని మొదట్లోనే చంపుతున్నది ఈ మందు ప్రచారమే.

షుగర్ తగ్గిస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చాలానే ఉన్నాయి. ఎలుకకు ఇచ్చిన గాఢమైన సారం వేరు, కప్పులో నానేసిన రెండు గ్రాముల పూలు వేరు. పైగా 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం డయాబెటిస్‌ను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. డబ్బా మీద ఆ ముక్క రాసిన రోజే కేసుకు దారి ఇచ్చినట్టు. అంతకంటే నన్ను భయపెట్టేది, దీన్ని నమ్మి మాత్రలు మానేసేవాళ్లు. మాత్రలతో పాటు లీటర్ల కొద్దీ తాగేవాళ్లకూ ప్రమాదమే.

ఇంకో సంగతి ఈ వీడియోల్లో ఎక్కడా వినపడదు. శ్రీలంకలో తంగేడును టీలా కాచుకుని తాగే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. అక్కడి మందు మొక్కల మీద 1981లో వచ్చిన పరిశోధనలో, కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఉన్న మొక్కల్లో తంగేడునూ చేర్చారు. అంటే పూలు విషమని కాదు. పూలకూ ఆకులకూ విడివిడిగా పరీక్ష చేయించకుండా అమ్మకూడదని. ఎండు హెర్బల్ టీలలో ఈ ఆల్కలాయిడ్లకు యూరోపియన్ యూనియన్ పరిమితి పెట్టింది: చాలా రకాలకు కిలోకు 200 మైక్రోగ్రాములు, రూయిబోస్ (దక్షిణాఫ్రికాలో టీలా కాచుకునే మొక్క), కమోమైల్ (సీమ చామంతి) లాంటి కొన్నిటికి 400. ఎగుమతి కలలు కనేవాళ్లు మొదట చూడాల్సిన అంకె ఇదే.

ఇక్కడే కోత దగ్గర జరిగే పొరపాటు కొంప ముంచుతుంది. జనుము పువ్వూ పసుపే, గిలిగిచ్చల్లోనూ పసుపు పూల రకాలున్నాయి. రెండూ చేల గట్ల మీదే ఉంటాయి, రెండిటిలోనూ ఇవే ఆల్కలాయిడ్లు. బస్తాలో నాలుగు గుప్పిళ్లు కలిసినా ల్యాబ్ రిపోర్టు తిరగబడుతుంది. కసివింద, సీమ తంగేడు పూలు కూడా తొందరలో చేతికి వచ్చేస్తాయి. పూలు రాలిపడ్డాక తేడా పట్టడం కష్టం, చెట్టు మీద ఉండగానే చూసుకోవాలి. ఆకు కాడ మొదట్లో చెవి తమ్మెలా వెడల్పుగా, గుండ్రంగా రెక్క ఉంటుంది. తంగేడుకు అదే గుర్తు. పూలు కోసేవాళ్లకు మొదటి రోజు ఒక గంట దీనికే కేటాయించాలి.

ఏ చోట కోస్తున్నామన్నది మరీ ముఖ్యం. రోడ్డు పక్కన కనువిందుగా పూసిన పొదను వదిలేయండి, దుమ్ము, వాహనాల పొగ అంతా రేకులకే అంటుకుంటుంది. పత్తి చేను గట్టు ఇంకా ప్రమాదం. తంగేడు జోరుగా పూసే సెప్టెంబర్, అక్టోబర్‌లోనే పత్తికి మందులు కొడతారు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర పూల మీద పడుతుంది, ఆరబెట్టినప్పుడు నీరు పోయి మందు అవశేషం అయిదారింతలు చిక్కబడుతుంది. ప్రత్యేకంగా పరిమితి లేని పురుగుమందుకు యూరప్‌లో కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. ఎంత కడిగినా ఆ హద్దులోకి తేవడం సాధ్యపడదు, పైగా కడిగిన పూలు నల్లబడతాయి.

కోత పొద్దున, మంచు ఆరిపోయాక. పూర్తిగా విచ్చిన పూలకు రేకులు రాలిపోతాయి, ముడుచుకున్న మొగ్గకు లోపలి తేమ పోదు. సగం విచ్చినవి బాగుంటాయి. గంపలో కుక్కితే వేడెక్కి రెండు మూడు గంటల్లో గోధుమ రంగుకు తిరుగుతాయి కాబట్టి వెడల్పాటి బుట్టల్లో పలచగా మోసుకురావాలి. రాగానే తెల్లగుడ్డ మీద పరిచి పురుగు ఏరాలి. నలుపు, నారింజ పట్టీలుండే బ్లిస్టర్ బీటిల్ పసుపు పూలను ఇష్టంగా తింటుంది, అదీ ఇదే కాలంలో. ముట్టుకుంటే బొబ్బలెక్కించే దాని విషం ఎండినా చెడిపోదు. ఒక్క పురుగు కూడా లోపల మిగలకూడదు.

ఆరబెట్టడంలోనే సరుకు నాణ్యత తేలిపోతుంది. నేరుగా ఎండలో పోస్తే రెండు రోజుల్లో పసుపు వెలిసి గడ్డిలా అవుతుంది. నీడలో, అదీ అక్టోబర్ ముసురులో వదిలేస్తే బూజు. ట్రే డ్రయ్యర్ గానీ, పైన నల్లగుడ్డ కప్పిన సోలార్ డ్రయ్యర్ గానీ ఉండాలి. వేడి 40 నుంచి 45 డిగ్రీలు, చదరపు మీటరు జాలీ మీద కిలో పూలకు మించకూడదు, మధ్యలో ఒకసారి తిరగేయాలి. తొందరపడి 60 డిగ్రీలు పెడితే రేకు కరకరలాడుతుంది, తొడిమ మాత్రం లోపల పచ్చిగానే ఉంటుంది. రేకును పట్టుకుని ఎండిందని మోసపోకండి. పువ్వు మొదలు దగ్గర, కాయగా మారే ఆ సన్నటి ఆకుపచ్చ కాడను గోటితో గిల్లండి. పుటుక్కున విరిగితే సరే, వంగిందంటే ఇంకో రెండు గంటలు. తేమ పది శాతం లోపుకు రావాలి, ఎనిమిదైతే నిశ్చింత. గుప్పెడు పూలు గాజు సీసాలో బిగించి రాత్రంతా ఉంచితే లోపలి గోడకు చెమ్మ పట్టిందో లేదో తెల్లారేసరికి తెలిసిపోతుంది.

అయిదారు కిలోల పచ్చి పూలకు కిలో ఎండు సరుకు వస్తుంది, ఏరివేతలో అందులోనూ కొంత పోతుంది. కాబట్టి పచ్చి పూలకు మీరిచ్చే కూలిని ఆరుతో గుణించి, దాని మీద ఆరబెట్టే ఖర్చు, పరీక్ష ఖర్చు, ప్యాకింగ్ వేసుకోండి. ఆ లెక్క వేయకుండా మామూలు టీపొడి ధరకు పోటీగా అమ్మబోతే మొదటి సీజన్‌కే చేతులెత్తేస్తారు.

ప్యాకింగ్ గురించి రెండు మాటలు. మామూలు పాలిథిన్ కవర్ పనికిరాదు, లోపలి పూలు రెండు నెలల్లో తేమ పీల్చి మెత్తబడతాయి. అల్యూమినియం పొర ఉన్న పౌచ్ వాడండి. టీ బ్యాగులో పూర్తి పూలు పట్టవు, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి జల్లెడ పట్టాలి.

రుచి సంగతి దాచాల్సిన పని లేదు. ఒంటి తంగేడు కషాయం చప్పగా, చివర్లో కాస్త వగరుగా ఉంటుంది. రంగు మాత్రం అద్భుతం. అందుకే నా ఓటు మిశ్రమానికే: తంగేడు ఆరు భాగాలు, నిమ్మగడ్డి మూడు, శొంఠి ఒకటి. రెండు గ్రాములు, 200 మిల్లీలీటర్ల నీళ్లు, కాగి దించిన నీళ్లలో అయిదు నిమిషాలు. పొయ్యి మీద మరగబెడితే వగరు ముదురుతుంది.

లేబుల్ మీద "టీ" అని రాయకండి. టీ చెట్టు ఆకుతో చేసినదానికే ఆ పేరు చెల్లుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 డిసెంబర్‌లో స్పష్టం చేసింది. మూలికల పానీయం, పూల కషాయం అనండి. యూరప్‌కు పంపాలంటే 1997 మే 15కు ముందు అక్కడ తగినంతగా వాడకంలో లేని ఆహారం 'నావెల్ ఫుడ్' కిందికి వస్తుంది, అనుమతి లేనిదే గుమ్మం దాటదు. అందుకే మొదట హైదరాబాద్, విజయవాడ మార్కెట్ చూసుకోమంటాను.

చివరగా, అసలు గొడవంతా నాకు దీని గురించే. కొనుగోలు పెరిగితే పొదలు గుండు గీసినట్టవుతాయి. పువ్వు కోస్తే కాయ లేదు, విత్తనం లేదు. ప్రతి పొదకూ మూడో వంతు పూలు వదలాలన్న షరతు కొనేవాడే పెట్టాలి, అలా వదిలినవాళ్లకు కిలోకు ఎక్కువ ఇవ్వాలి. గట్ల మీద పెంచడం ఇంకా మేలు: గింజ పెంకు గట్టిది, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి తొలకరికి విత్తాలి. పశువులు పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు తప్పుతుంది. అడవి నుంచి తెచ్చి వ్యాపారం చేసే కంపెనీ జీవవైవిధ్య చట్టం ప్రకారం రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందే తెలపాలి. దక్షిణాఫ్రికాలో రూయిబోస్ వ్యాపారులు, ఆ మొక్క జ్ఞానం తమదన్న ఖోయ్, శాన్ ప్రజలకు పొలం దగ్గరి ధరలో 1.5 శాతం ఇచ్చేలా 2019లో ఒప్పందం కుదిరింది. మన దగ్గర ఎండన పడి పూలు ఏరే ఆడవాళ్లకు అలాంటి వాటా ఒప్పంద పత్రంలోనే రాసివ్వాలి, అదీ మొదటి బస్తా కొనకముందే.