మైకు గారూ, మీరెలా ఫీలవుతున్నారు?

మహారాజశ్రీ మైకు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆ ఉభయుల్లో మా పిల్ల లేదు, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం జిల్లా స్థాయి ఖోఖో ఫైనల్లో మా అక్క కూతురి జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. పదమూడేళ్ల పిల్ల. డైవ్ కొట్టినప్పుడు మోకాలికి అంటిన మట్టి ఇంకా దులుపుకోనేలేదు, తమరు ప్రత్యక్షమయ్యారు. ఎర్ర స్పాంజి, దాని కింద చానెల్ పేరు రాసిన అట్టడబ్బా, సరిగ్గా గడ్డం దగ్గర. "ఓడిపోయారు కదమ్మా, ఎలా ఫీలవుతున్నావ్?" అది మాట్లాడలేదు. పెదవి బిగబట్టి, చెస్ట్ నంబర్ అంచుతో ముక్కు తుడుచుకుంది. తమరు కదల్లేదు. ఈసారి ఇంకాస్త ముద్దుగా, "బాధగా ఉందా నాన్నా?" అన్నారు. దాంతో కట్ట తెగింది. సాయంత్రానికి ఆ ఏడుపు వీడియోకి వయొలిన్ తగిలించి, 'వెక్కి వెక్కి ఏడ్చిన చిన్నారి' అని పేరు పెట్టి ఊరి మీదికి వదిలారు. సోమవారం అది స్కూలుకి వెళ్లనంటే వెళ్లనంది.

ఆటల్లో ఏడుపు మాకేమీ కొత్త కాదు లెండి. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ గెలిచాక కరోలినా మారిన్ కోర్టు మీద బోర్లా పడి ఏడుస్తుంటే, అప్పుడే స్వర్ణం చేజారిన మన సింధు వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది. ఎలా ఉందని అడగలేదు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వస్తుంటే సిరాజ్ కళ్లు తుడుచుకున్నాడు. హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకుని క్రికెటర్ని చేసిన తండ్రి పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ కన్నీళ్లకి ప్రశ్న కావాలా?

అదే సిరాజ్ 2025 జులైలో లార్డ్స్‌లో బంతిని బ్యాట్ మధ్యలో అడ్డుకున్నాడు. అయినా అది దొర్లుకుంటూ వెనక్కి పోయి వికెట్లకు తగిలింది. 22 పరుగులతో ఓటమి. అక్కడే కూలబడిపోయాడు. దగ్గరికొచ్చి ఓదార్చింది ఎవరు? అప్పటిదాకా అతన్ని ఔట్ చేయాలని చూసిన రూట్, క్రాలీ. ప్రత్యర్థులకున్న పాటి ఇంగితం తమరికి లేకపోయింది.

గెలిచినా అదే ప్రశ్న, ఓడినా అదే ప్రశ్న. పెళ్లికీ చావుకీ ఒకే పాట వాయించే బ్యాండు వాళ్లనైనా ఊళ్లో ఎవరూ పిలవరు. తమరిని మాత్రం పిలవకపోయినా వస్తారు.

ఆ మధ్య ఒక్కసారి తమరి మీద గౌరవం కలిగిన మాట నిజమే. 2025 అక్టోబర్ 30న, నవీ ముంబైలో. మహిళల ప్రపంచకప్ క్రికెట్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 339 లక్ష్యాన్ని ఛేదించి, 127తో నాటౌట్‌గా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ ఏడుస్తూనే మాట్లాడింది. ఈ టోర్నీలో దాదాపు రోజూ ఏడ్చానని, యాంగ్జయిటీతో నలిగిపోయానని దాచకుండా చెప్పింది. ఆ పిల్ల చెప్పాలనుకుంది, చెప్పింది. తమరు నోరు మూసుకుని విన్నారు. వినడం చేతకాక కాదన్నమాట!

మరి మా పిల్ల దగ్గర ఏమైంది? దానికి పీఆర్ మేనేజర్ లేడనా? అడ్డుపడే కోచ్ స్కోరు షీటు దగ్గర గొడవలో ఉన్నాడనా? 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్ నుంచి ఏడుస్తూ బయటికి నడిచిన క్రికెటర్ కాంబ్లీని దాదాపు ముప్పై ఏళ్లుగా తిప్పి తిప్పి చూపిస్తూనే ఉన్నారు. అతను టెస్టుల్లో రెండు డబుల్ సెంచరీలు కొట్టాడు, అవి ఎంతమందికి గుర్తున్నాయి? మా పిల్ల ఆ ఫైనల్లో ముగ్గుర్ని ఔట్ చేసింది. దాని ఒక్క ఫ్రేమైనా తమరి వీడియోలో లేదు. రేపు దానికి పెళ్లి కుదిరినా ఎవడో ఒకడు ఫోన్ తీసి, "ఆ ఏడ్చిన పిల్లేనా?" అంటాడు. సిగ్గు లేదా మీకు? పసిదాని ఏడుపు మధ్యలో హోమ్ ఫుడ్స్ యాడ్ వేసుకుని ఎన్ని రూపాయలు వెనకేశారు?

ఆ వీడియో ఈ రాత్రికి తీసేయండి. వచ్చే నెల మా ఊరి గ్రౌండ్‌లోనే సెలక్షన్స్ ఉన్నాయి. రావాలనిపిస్తే రండి, మ్యాచ్ మొత్తం చూడండి, స్కోరు రాసుకోండి. గేటు దగ్గర మా బావ ఉంటాడు. ఆయనకి కోపమెక్కువ, స్పాంజి ఊడబీకి చేతిలో పెడతాడు. అప్పుడెలా ఫీలవుతున్నారో మాత్రం మేం అడగం.

ఇట్లు,
ఆ పిల్ల పిన్ని