పది వేల అడుగుల మెసేజ్, మా అమ్మ నులక మంచం

భద్రకాళి బండ్ మీద వాకింగ్ చేసే మా గ్రూపులో ఈ మెసేజ్ నాలుగోసారి వచ్చింది: “60 దాటినవాళ్లు రోజూ 10,000 అడుగులు వేస్తే మోకాళ్ల నొప్పులుండవు. ఫోన్‌లో లెక్క చూసుకుంటే చాలు. లేవలేకపోవడం ఒట్టి బద్ధకం.”

10,000 అనేది డాక్టర్లు తేల్చిన సంఖ్య కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టారు. దాని పేరు ‘మాన్పో-కే’, అంటే పది వేల అడుగుల మీటరు. పలు అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి విశ్లేషణలో, 60 దాటినవాళ్లకు 6,000–8,000 తర్వాత అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. అదీ ఆయుష్షు లెక్క. మోకాళ్ల ఊసే లేదు.

ఇక ఫోన్ లెక్క. మా అమ్మ పొద్దంతా ఇంట్లో, వాకిట్లో తిరుగుతూనే ఉంటుంది. అడుగులకు కొదువ లేదు. కానీ నులక మంచం మీంచి లేవాలంటే పట్టె పట్టుకుని, రెండుసార్లు ముందుకు ఊగి, “అవ్వో” అంటూ లేస్తుంది. నులక కుంగి మోకాళ్లు నడుము కన్నా పైకొస్తాయి, బరువంతా వాటి మీదే. ఇది ఏ ఫోన్‌లో పడుతుంది?

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డిజైనర్లు, బయోమెకానిక్స్ (శరీరం కదిలే తీరును, కీళ్ల మీద పడే భారాన్ని కొలిచే శాస్త్రం) నిపుణులు కలిసి దీన్నే బొమ్మగా చూపించారు. పెద్దవాళ్లు కుర్చీలోంచి లేస్తుంటే, మెట్లెక్కుతుంటే కెమెరాలతో కొలిచి, కదిలే పుల్లబొమ్మగా మార్చారు. ఆ మనిషి బలంలో ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి ఒక్కో కీలుకు రంగు: తేలికైతే ఆకుపచ్చ, మధ్యస్థమైతే పసుపు, ఓపిక అంచుకు చేరితే ఎరుపు. గ్రాఫులు చదవలేని పెద్దాయన కూడా “ఇదిగో, ఇక్కడే” అని చూపించవచ్చు. కుర్చీ చేసేవాడికీ ఎత్తు ఎందుకు పెంచాలో అర్థమవుతుంది.

మరి బద్ధకం? మా దగ్గర ఆ పుల్లబొమ్మ లేదు కాబట్టి అమ్మ లేస్తుంటే పక్క నుంచి వీడియో తీసి ఫిజియోథెరపిస్టుకు చూపించాను. ఆవిడ ముందు అడిగింది మంచం ఎత్తు. మంచం నాలుగు కోళ్ల కింద తలా ఒక ఇటుక పెట్టి, నులక బిగించాం. మర్నాడు అమ్మ ఊగకుండానే లేచింది. బద్ధకం ఇటుకలతో పోతుందా?

బాత్రూంలో పట్టుకునే కమ్మీ ఇంకా మిగిలింది. మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు.